జనరల్ డబ్బాలో సువార్తక్క

ఈ రోజు పొద్దున బీదర్ స్టేషన్‌లో, హైదరాబాద్ వైపు బయలుదేరబోతున్న బండిలో, కిక్కిరిసిన జనరల్ డబ్బాలో నిలబడి టేపుతో కొలతలు తీస్తుంటే నా చెవి పక్కనే ఒక తొట్టెల ఊగింది. సామాన్లు పెట్టే ఇనుప పట్టీలకు పాత చీరతో కట్టిన తొట్టెల. అందులో పడుకున్న పసిదాని నెత్తికి పట్టించిన ఆముదం వాసన గుప్పున తగిలింది. ఎదుటి సీట్లో ఎవరో అప్పుడే జొన్నరొట్టె మూట విప్పారు. పల్లీకారం వాసన వచ్చి ఆముదంలో కలిసింది. ఇంకెవరికైనా అది ఉక్కపోత డబ్బాలో వచ్చే మామూలు వాసనే. నేను మాత్రం కొలతలు ఆపేశాను. టేపు చుట్టి జేబులో పెట్టుకుని, ఒకామె కాస్త జరిగి ఇచ్చిన జాగాలో కూర్చున్నాను. సువార్తక్క గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, పక్కన కూర్చుని "కొలతలైనయా, కూసున్నవ్?" అని గద్దించినట్టే అనిపించింది.

పోయిన వానాకాలంలో ఆమె చనిపోయింది. బీదర్‌లో వాళ్ల చర్చిలో జరిగిన ఆదరణ కూడికకు నేనూ వెళ్లాను. మాట్లాడిన వాళ్లంతా మంచివాళ్లే, ప్రేమ ఉన్నవాళ్లే. కానీ ఒకరి తర్వాత ఒకరు లేచి "సువార్తమ్మగారు శాంతస్వభావి, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు" అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి గురించి చెబుతున్నారు వీళ్లు? పల్లెత్తు మాటలు సరే, ఆమె ఊరెత్తు మాటలే అనేది. చచ్చినవాళ్లను మంచివాళ్లను చేయబోయి, వాళ్లు కానివాళ్లను చేసేస్తాం మనం. ఆమెను ఎన్నడూ చూడని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆమె శాంతమూర్తి కాదు. అలా అయి ఉంటే నేను ఈ రోజు ఆ డబ్బాలో ఉండేదాన్ని కాదు.

మా పని గురించి ముందు రెండు ముక్కలు చెప్పాలి. నడుస్తున్న రైల్లో ప్రయాణికుల ఫోన్లకు నెట్ అందించడం మా పని. డబ్బా కప్పు మీద బిగించిన యాంటెన్నా దారి పొడుగునా టవర్లను పట్టుకుంటూ పోతుంది. లోపల గోడకు బిగించిన పెట్టె ఆ నెట్‌ను వైఫైగా అందరికీ పంచుతుంది. చెప్పడానికి ఇంతే. చేయబోతే ఎండ, దుమ్ము, కుదుపులు, టవర్లు లేని గుట్టలు, ఎలుకలు, అన్నీ అడ్డమే. ఆ కాంట్రాక్టు హైదరాబాద్‌లోని ఒక కంపెనీ తీసుకుంది. బీదర్ వైపు పనికి సువార్తక్క ఇంజనీరు. ఆమె కింద పనిచేయడానికి నేను డిప్లొమా పట్టుకుని చేరాను.

మాది ఔరాద్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో మరాఠీ. అన్నీ వచ్చు గానీ ఏదీ ధైర్యంగా రాదు. మొదటి రోజు ఆఫీసులో అందరూ కన్నడలో, హిందీలో మాట్లాడుకుంటుంటే గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒకావిడ నుదుటి చెమట చున్నీతో తుడుచుకుంటూ లోపలికి వచ్చి నా మొహం చూసింది.

"ఏ ఊరే నీది?" అని సూటిగా తెలుగులో అడిగింది.

"ఔరాద్ దిక్కు, మేడం."

"మేడం గీడం ఏంది? అక్కా అను. గట్లయితే నోరెందుకు మూసుకున్నవ్? తెలుగుల తిట్టనీకి మనిషి దొరకక నా నోరు కుట్టుకపోయిందిక్కడ."

ఆ రోజు సాయంత్రానికే ఆమె కుట్లన్నీ విప్పుకుంది. స్క్రూడ్రైవర్ తప్పుగా పట్టుకున్నందుకు తిట్టింది, నిచ్చెన మీద చెప్పులతో ఎక్కినందుకు తిట్టింది, తిట్టినా జవాబు చెప్పనందుకు మరీ తిట్టింది. "తప్పు లేకుంటే లేదని చెప్పు. ఉంటే ఉన్నదని చెప్పు. మధ్యల నిలవడి నేల చూస్తే నాకు పిచ్చి లేస్తది" అనేది. నేల చూడటం మా ఊళ్లో ఆడపిల్లకు మర్యాద. ఆమె దగ్గర అది నేరం. తల ఎత్తడం నాకు ఎంత కష్టమైందో, ఎత్తాక ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. నిలబడిన బండిలో పరీక్ష చేస్తే ఒప్పుకునేది కాదు. కంపెనీ వాళ్లు స్టేషన్‌లో ఆగి ఉన్న బండిలో నెట్ చూపించి, ఫొటోలు దిగి, చప్పట్లు కొట్టి వెళ్లిపోదామనుకునేవారు. "నిలవడ్డ బండిల నెట్ ఎవడైనా ఇస్తడు. పోయే బండిల ఇయ్యుండ్రి, అప్పుడు కొడ్త చప్పట్లు" అని వాళ్ల మొహం మీదే అనేది. నన్ను వెంటేసుకుని బండి ఎక్కేది. జహీరాబాద్ దాటాక నెట్ ఎక్కడ తెగుతుందో, మళ్లీ ఎక్కడ అతుకుతుందో చూస్తూ పోయేవాళ్లం. అది కూడా జనరల్ డబ్బాలోనే, చౌక ఫోన్‌తోనే. మంచి ఫోన్‌తో ఏసీ డబ్బాలో చూస్తే అన్నీ మంచిగానే కనిపిస్తాయని ఆమె నమ్మకం. ఆ డబ్బాలో ఎక్కే వాళ్లలో చాలామంది ఔరాద్, కుశనూర్ వైపు పల్లెల నుంచి హైదరాబాద్‌కు కట్టడం పనులకు పోయేవాళ్లు. మా నాన్న పక్క పొలం వాళ్లు కూడా ఒకసారి కనిపించారు. నెట్ పనిచేస్తే సంబరపడి ఇంటికి ఫోన్ చేసి "రైల్ల నుంచి కనవడ్తున్ననా?" అని అరిచేవారు. ఆ అరుపులకు సువార్తక్క మొహంలో వచ్చే వెలుగు నేను మరెక్కడా చూడలేదు.

అంతలో ఒక గొడవ మొదలైంది. జనరల్ డబ్బాల్లో పెట్టెలు ఒక్కొక్కటే చెడిపోసాగాయి. ఒకటి పక్కకు వంగిపోయింది, ఇంకోదాని తీగ ఊడిపోయింది. రిజర్వేషన్ డబ్బాల్లో మాత్రం అన్నీ భేషుగ్గా ఉన్నాయి. కంపెనీ మేనేజర్ ఫోన్ చేసి, "జనం పగలగొడుతున్నారమ్మా. వాళ్లకు ఇవన్నీ ఎందుకు? జనరల్ డబ్బాల్లోంచి తీసేద్దాం" అన్నాడు. నిజం చెప్పాలంటే సువార్తక్కకు కూడా జనం మీదే అనుమానం. పెట్టె ఎక్కడ పెట్టాలో చూసింది ఆమే, బిగింపు చేయించింది ఆమే. తన పనిలో లోపం ఉంటుందని ఆమెకు తట్టలేదు. దొరికిన వాణ్ని రైల్లోంచి తోసేస్తానన్నంత కోపంతో మర్నాడు పొద్దున్నే బండి ఎక్కింది. వెనకాలే నేను.

దొంగ దొరికింది. పెట్టెను పట్టి ఉంచడానికి మేము బిగించిన కొత్త ఇనుప బ్రాకెట్ ఉంది కదా, దానికి ఒక చివర, ఎదుటి పట్టీకి ఇంకో చివర, చీరతో తొట్టెల కట్టి ఉంది. లోపల బిడ్డ. బిడ్డ ఊగినప్పుడల్లా పెట్టె కూడా ఊగుతోంది. కింద సీట్లో తల్లి, పాదం చీరకు తగిలించి మెల్లగా ఊపుతోంది. పేరు బాలమణి అని, కుశనూర్ నుంచి భర్తతో పాటు కట్టడం పనికి పోతోందని తర్వాత తెలిసింది.

"ఎవరు కట్టిండ్రిది? ఇప్పు! మొదలు ఇప్పు!" అని సువార్తక్క డబ్బా దద్దరిల్లేలా అరిచింది.

"జరా మెల్లగ అక్కా. ఇప్పుడే కన్నంటుకున్నది దానికి."

"ఇది తొట్టెల కట్టే జగానా? ఇదేందో ఎరుకేనా నీకు?"

బాలమణి పైకి చూసింది. ఆమె మొహంలో భయం లేదు, వెటకారమూ లేదు. "ఎరుకే గదా అక్కా. ఇంతకుముందు ఆ పాత పట్టీలకు కడితే ముడి జారేది. పానం గుప్పిట్ల పెట్టుకుని కూసునేటోళ్లం. ఈ కొత్తది మంచిగ గట్టిగున్నది. ఇన్నేండ్లకు సర్కారుకు మా పిల్లలు యాదికొచ్చిండ్రు, తొట్టెల కట్టుకోనీకే పెట్టిండ్రనుకున్నం. మా ఊరోళ్లందరం దీనికే కడ్తున్నం."

డబ్బాలో ఎవరూ నవ్వలేదు. అందరూ అదే అనుకున్నారు మరి. నేను సువార్తక్క వైపు చూశాను, ఇప్పుడు పిడుగు పడుతుందని. పడలేదు. తర్వాత ఆమె చేసిన పని నేను ఎప్పటికీ మరిచిపోను. సీటు అంచు మీదికి ఎక్కి, రెండు చేతులతో పెట్టెను అదిమిపట్టి నిలబడింది, బిడ్డ లేచేదాకా పెట్టె వంగకుండా. నేను పట్టుకుంటానంటే "నువ్వు జరుగు" అంది. బండి కుదుపులకు ఆమె తల పైకప్పుకు తగులుతోంది. జహీరాబాద్ వచ్చేసరికి బిడ్డ లేచి ఏడ్చింది. అప్పుడు కిందికి దిగి, బాలమణి పక్కన కూర్చుని, ఆమె పెట్టిన రొట్టె ముక్క తిన్నది.

తిరుగు బండిలో సువార్తక్క అంది: "యార్డుల నిలవడ్డ ఖాళీ డబ్బాల చూసి జగా పెట్టినమే. ఖాళీ డబ్బాల ఏం కనవడ్తది? గోడలు కనవడ్తయి. మనుషులు కనవడరు. పోయే బండి, పోయే బండి అని అందరిని దంచిన. జనం ఎక్కిన బండి అని నాకు తట్టకపాయె."

ఆ మర్నాటి నుంచి పద్ధతి మారింది. జనం నిండిన డబ్బాలో తిరిగి, మూటలు ఎక్కడ పెడతారు, తొట్టెలలు ఎక్కడ కడతారు, పైన ఎవరు పడుకుంటారు, అన్నీ చూశాకే పెట్టెకు జాగా. పెట్టెను తలుపు పైకి మార్చింది. బ్రాకెట్‌ను మాత్రం అక్కడే ఉంచింది. అంతటితో ఆగక, ఇంకో రెండు బోల్టులు ఎక్కువ వేసి బిగించింది. "కంపెనీ సామాను కదక్కా, అడిగితే?" అన్నాను భయంగా. "అడగనీ. సర్కారుకు యాదిరాలే, మనకన్న యాదికి రావాలె గదా" అంది.

కంపెనీ అడిగింది. మేనేజర్ ఫోన్ చేసినప్పుడు ఆమె జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పింది. జనం ఏమీ పగలగొట్టలేదని, జాగా తప్పు పెట్టింది తనేనని చెప్పింది. అవతలి నుంచి ఆయన గొంతు నాకు స్పష్టంగా వినిపించింది.

"ఆ మాట బయట అనకండి. తప్పు మనదంటే కాంట్రాక్టుకు దెబ్బ. జనం పగలగొట్టారని చెబితే పోయేదేముంది? వాళ్లేమైనా వచ్చి అడుగుతారా?"

"అడుగుతరు సార్" అని ఫోన్ పెట్టేసింది సువార్తక్క.

రైల్వే అధికారితో వీడియోలో మీటింగ్ పెట్టారు. జనరల్ డబ్బాల్లో నెట్ ఉంచాలా తీసేయాలా అన్నది ఆ రోజే తేలాలి. తీసేస్తే ఇక మళ్లీ పెట్టరని మాకు తెలుసు. సువార్తక్క బీదర్ ఆఫీసులో కూర్చుని మాట్లాడాల్సింది. ఆమె నన్ను తీసుకుని జనరల్ డబ్బా ఎక్కింది. ఆ డబ్బా వైఫైతోనే మీటింగ్‌లో చేరింది. ఫోన్ నా చేతికిచ్చి, "గట్టిగ పట్టుకో. చెయ్యి వణికితే బొమ్మ వణుకుతది" అంది. రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాను.

మేనేజర్ చాలా మర్యాదగా మొదలుపెట్టాడు. జనరల్ డబ్బాల్లో ఎంత ప్రయత్నించినా నెట్ నిలబడటం లేదని, ప్రయాణికులు పరికరాలను పాడు చేస్తున్నారని, రిజర్వేషన్ డబ్బాలకే పరిమితం చేయడం అందరికీ మంచిదని చెప్పుకొచ్చాడు.

"సార్, నేను సువార్తను. పెట్టెలకు జగా చూసింది నేను" అంది సువార్తక్క. "ఖాళీ డబ్బాల చూసి తప్పు జగా పెట్టిన. అందుకే వంగినయ్. తప్పు నాది, జనాలది కాదు. ఇప్పుడు జగా మార్చినం, మంచిగ నడుస్తాంది. నా మాట నమ్మకుండ్రి. నేను ఇప్పుడు మాట్లాడేది జనరల్ డబ్బా నెట్ మీదనే. మేనేజర్ సార్, వీళ్లు పాడు చేసిండ్రని మీరు వీళ్లకే చెప్పుండ్రి." నా భుజం పట్టుకుని ఫోన్‌ను జనం వైపు తిప్పించింది.

డబ్బా అంతా ఫోన్‌లోకి తొంగి చూసింది. మేనేజర్ మొహం తెర మీద బిగుసుకుపోయింది. నెట్ తెగిందేమో అనుకున్నాను. తెగలేదు, ఆయనే కదలడం లేదు.

తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన ముందుకు వంగి, "నమస్తే సాబ్. మేమేం పాడు జేసినం?" అన్నాడు. ఆయనే మళ్లీ అన్నాడు: "వినవడ్తలేదా సాబ్? మాకైతే మంచిగ కనవడ్తున్నరు. మీ ఎనుక గోడకున్న గడియారం గూడ సాఫ్ కనవడ్తాంది."

రైల్వే అధికారి నవ్వాపుకోలేకపోయారు. ముసలాయనను ఊరు, పని, ఎక్కడ దిగేది అన్నీ అడిగారు. ఆయన తీరిగ్గా చెప్పుకుంటూ పోయాడు. ఇంతలో బండి టవర్ లేని చోటికి వచ్చింది, కాల్ తెగిపోయింది. "ఇది టవర్ తప్పు. ఇది గూడ మీ మీదికే తోస్తరు చూడుండ్రి" అని సువార్తక్క అంటే డబ్బా మొత్తం పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చేంతగా. అవి నవ్వు నీళ్లే కాదు.

రైల్వే అధికారి తీయొద్దన్నారు, జనరల్ డబ్బాల్లో పెట్టెలు ఉండిపోయాయి. సువార్తక్క ఉండలేదు. కొద్ది రోజులకే ఆమెను తీసేశారు. ప్రవర్తన బాగాలేదన్నది వాళ్లు చెప్పిన కారణం. పనిలో లోపమని చెప్పినా ఇంత బాధపడకపోయేదాన్ని. ఆమె ప్రవర్తన కంటే బాగున్న ప్రవర్తన ఆ కంపెనీలో ఎవరికుందో నాకు ఇప్పటికీ తెలియదు.

మన్నాఏఖేళ్ళి అనే ఊళ్లో, బజారులో, ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకుంది. నేను ఒక ఆదివారం వెళ్లాను. హైవే మీద లారీల మోతలో, ముందు విప్పేసిన ఫోన్ పెట్టుకుని కూర్చుని ఉంది. కష్టపడుతోందని చూస్తేనే తెలుస్తోంది.

"నేను గూడ ఆ నౌకరి ఇడిచిపెడ్త అక్కా. నిన్ను తీసినోళ్ల కింద నేను చెయ్య" అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

చేతిలోని ఫోన్ బల్ల మీద పెట్టి నన్ను చూసింది. "ఇడిచిపెట్టి ఏం చేస్తవ్? నా పక్కన కూసొని సెల్లుల దుమ్ము ఊదుతవా? వాళ్లకు గదే కావాలె. నువ్వు పోంగనే ఖాళీ డబ్బాల చూసి పని జేసేటోన్ని తెస్తరు. మల్ల జనాల మీద పెడ్తరు. అప్పుడు డబ్బాల నిలవడి మాట్లాడేదెవరు?"

"నాకు నీ అంత నోరు లేదక్కా."

"నోరు నాకు గూడ పుట్టంగనే రాలే. ఇను. నన్ను తీసిండ్రు, నేను పోయిన. నిన్ను తియ్యలే. వాళ్లు లేపాలె గని నీ అంతల నువ్వు లేవొద్దు. కోపమొస్తే ఇంకింత గట్టిగ కూసో."

లేచి పోవడమే పౌరుషం అనుకునే వయసు నాది. కూర్చోవడం కూడా పౌరుషమేనని, బహుశా అంతకంటే పెద్దదని, ఆ దుకాణంలో నాకు మొదటిసారి తెలిసింది. టీ తాగించి బస్సెక్కించింది. బస్సు కదులుతుంటే కిటికీ కొట్టి, "నేల చూడకు!" అని అరిచింది. బస్సులో వాళ్లంతా తమ కాళ్ల కిందికి చూసుకున్నారు.

నేను లేవలేదు. కంపెనీ పేరు మారింది, మేనేజర్లు మారారు, ఆమె కుర్చీలోకి మెల్లగా నేను వచ్చాను. జనరల్ డబ్బాలంటే ప్రతి కొత్త మేనేజర్‌కీ అదే దురద. ఒకరు ఖర్చంటారు, ఒకరు రద్దీ అంటారు, ఒకరు వాళ్లు వీడియోలే కదా చూసేది అంటారు. ఏసీలో కూర్చున్న వాళ్లు ఏం చూస్తున్నారని ఎవరూ అడగరు. నాకు ఆమె అంత గొంతు లేదు, ఆమె తిట్లు నా నోట పలకవు. కానీ నేల మాత్రం చూడను.

ఈ వారం మళ్లీ ఆర్డర్ వచ్చింది, జనరల్ డబ్బాల్లోని పెట్టెలన్నీ ఊడదీసి పంపమని. బండి యార్డులో ఖాళీగా ఉన్నప్పుడు తీస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదని సలహా కూడా ఇచ్చారు. ఇంట్లో పిల్లల చదువులున్నాయి, ఉద్యోగం పోతే ఎలాగో నాకు తెలియదు. భయం వేసింది, వేయలేదని అబద్ధం చెప్పను. ఈ మధ్యాహ్నం బండి దిగి ఆఫీసుకు రాగానే జవాబు పంపాను. నేను తీయను, నా మనుషులూ తీయరు. తీయాలనుకుంటే మీరే రండి. పట్టపగలు రండి, జనం కూర్చున్నప్పుడు రండి, ఎందుకు తీస్తున్నారో వాళ్లకు మీ నోటితో చెప్పి, మీ చేతులతో తీసుకుపొండి. లేదా ముందు నన్ను తీయండి.

సాయంత్రమైంది, ఇంతవరకు ఎవరూ రాలేదు. నేను కూర్చునే ఉన్నాను.